ఇంకొక్క ఊపిరి

నొప్పులకు ఓర్చుకోలేక సూది వేయించుకుంటే, పుట్టే బిడ్డకు ఊపిరి తీయడానికి కూడా బద్ధకమేనని పక్కింటావిడ అన్నదట. ఆ మాటను ఆసుపత్రిలో కోడలి మంచం దాకా మోసుకొచ్చి పడేసి, అత్త తన దారిన ఇంటికి పోయింది.

కోడలికి కంటిమీద కునుకు లేదు. సాయంత్రం పుట్టిన పాప ఏడవలేదు. "సూది మత్తు దిగితే సర్దుకుంటుందిలే" అంటూ డాక్టరమ్మ పాపను పై అంతస్తులోని పసిపిల్లల వార్డుకు పంపించింది. తల్లికి ముఖమైనా చూపలేదు. మంచం పక్కన చక్రాల ఊయల ఖాళీగా మిగిలింది.

అర్ధరాత్రి దాటాక ఆ ఊయలలోంచి ఊపిరి వినిపించింది, సన్నగా, తడబడుతూ. అంతలోనే ఆగింది. ఆమె ఊయల వైపు తల తిప్పింది.

"తియ్యి తల్లీ, ఇంకొక్కటి" అని బతిమాలింది.

మళ్ళీ తీసింది. మళ్ళీ ఆగింది. అలా ఎంతసేపు బతిమాలిందో, రొమ్ములు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. కుట్లు లాగుతుంటే లేవలేక నర్సును కేకేసింది.

"అక్కా, పాపను ఎప్పుడు తెచ్చి పడుకోబెట్టారు? ఒక్కసారి ఎత్తి నా ఒళ్ళో పెట్టవా?"

నర్సు వంగి ఊయలలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా, దూరపు గోడ దాకా నెట్టేసింది.

"నీ పాప పైన గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోందమ్మా. ఇది నీది కాదు."