తాళం తీసిన దీవి

ఫోను ఛార్జరు కొన్నవాడెవడూ బిల్లు అడగడు. ఆ మనిషి అడిగాడు.

రిపేరు షాపాయనకు అనుమానం అక్కడే మొదలైంది. మర్నాడు అదే మనిషి మళ్లీ వచ్చి ఇయర్‌ఫోన్లు కొన్నాడు. వాటికీ బిల్లు రాయించుకున్నాడు. చిల్లర తీసుకుంటూ అరల్లోని పాత కంప్యూటర్లనూ, వెనక గది తలుపునూ తేరిపార చూశాడు. కాళ్లకు తళతళలాడే నల్లబూట్లు. ఆ వీధిలోకి అలాంటి బూట్లతో వచ్చేది ఇద్దరే. ఒకరు బ్యాంకు మేనేజరు, రెండోవాడు కేసు కాగితాలు పట్టుకొచ్చేవాడు. బ్యాంకు మేనేజరును రిపేరాయన ఎరుగును.

మధ్యాహ్నం, కాపురముండే ఆ వెనక గదిలో అన్నం తింటూ భార్యతో అన్నాడు.

"ఆ బూట్లాయన కంపెనీ మనిషే."

"ఏ కంపెనీ అండీ?"

"ఇంకే కంపెనీ! నీ దీవి కంపెనీ."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

దీవి అంటే కంప్యూటర్ ఆట. ఖాళీ దీవి ఒకటి ఇస్తారు. ఇళ్లు కట్టుకోవాలి, తోటలు పెంచుకోవాలి. ఆమె ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చింది. డబ్బిచ్చి కొన్న డిస్కు, ఒక్కరే ఆడుకునే ఆట. అయినా తెరిచిన ప్రతిసారీ నెట్ పెట్టుకోవాలి, కంపెనీ సర్వర్ సరేనంటేనే ఆట లోపలికి రానిచ్చేది. మన ఇంట్లోకి మనం వెళ్లాలన్నా వీధి చివర ఎవరినో బతిమాలుకున్నట్టు! మూడేళ్ల క్రితం ఆ సర్వర్ కూడా ఆపేశారు. కొన్నవాళ్లకు ఈమెయిల్లో ఓ నమస్కారం పెట్టి కంపెనీ చేతులు దులుపుకుంది.

ఆ రోజు ఆమె నల్లటి తెర ముందు సాయంత్రం దాకా కూర్చుంది. అది చూడలేక రిపేరాయన మూడు వారాలు తంటాలుపడి, సర్వర్‌ను అడక్కుండానే తెరుచుకునేలా ఆట తాళం విప్పాడు. ఒక్క కాపీ. అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కానీ చట్టానికి అవేమీ అక్కర్లేదు, తాళం విప్పడమే నేరం. పైగా ఆయనకు పాత మచ్చ ఒకటుంది. పదేళ్ల క్రితం కాపీ డిస్కులు అమ్ముతూ దొరికిపోయి, ఇంకెప్పుడూ ఆ పని చెయ్యనని సంతకం పెట్టి వచ్చాడు. రెండోసారి దొరికితే షాపు ఉండదు, ఆయనా బయట ఉండడు.

"మనింట్లో మనం ఆడుకుంటే వాళ్లకెలా తెలుస్తుంది?" అంది ఆమె.

"అదే నాకూ అంతుపట్టడం లేదు. ఎవరికైనా చెప్పావా?"

"చెప్పలేదు. ఫొటో పెట్టానంతే."

"ఎక్కడ?"

"ఆ ఆట ఆడినవాళ్ల గ్రూపులో. వంతెన పూర్తయిందని. అందరూ ఎంత బాగుందో అన్నారండీ."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

మూడేళ్ల క్రితం మూతపడ్డ ఆటలో పోయిన నెల కట్టిన వంతెన! రిపేరాయన కంచం పక్కకు నెట్టాడు.

"ఏ ఫోను నుంచి పెట్టావ్?"

"షాపు ఫోను నుంచే."

అంటే ఫొటో కింద షాపు పేరూ, నంబరూ. చిరునామా కూడా రాసి ఉంటే వచ్చేవాళ్లకు వెతుకులాట తప్పేది.

"దీవిని చెరిపేద్దామా?" అంది ఆమె. అడిగిందే గానీ ఆమెకు మనసు రాలేదు.

"రేపు చూద్దాంలే," అన్నాడు. ఆయనకూ మనసొప్పలేదు.

మూడోరోజు బూట్లాయన ఏమీ కొనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి దీవి ఆట డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. సీలు కూడా విప్పలేదు.

"ఇది నడిచేలా చేస్తారా మాస్టారూ?"

"అది నడవదు సార్. సర్వర్ ఎప్పుడో ఆపేశారు."

"తాళం విప్పితే నడుస్తుందటగా?"

"నేను విప్పలేదు సార్!"

ఆయన విప్పాడని ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. బూట్లాయన నవ్వలేదు. ఫోను తీసి ఫొటో చూపించాడు. వంతెన. దాని పక్కన ఒక కార్డు పెట్టాడు. మీద కంపెనీ పేరు, కింద 'న్యాయ విభాగం'.

రిపేరాయనకు పాత సంతకం కళ్లముందు ఆడింది.

వెనక గదిలోంచి ఆయన భార్య విసురుగా వచ్చింది.

"ఆయన్నేమీ అనకండి. ఆడింది నేను, ఫొటో పెట్టింది నేను. కొనుక్కున్న వస్తువును వాడుకోవడం దొంగతనమైతే కేసు నామీదే రాసుకోండి."

"అమ్మా, ముందు నేను చెప్పేది..."

"ఇంకేం చెబుతారు? సాక్ష్యం కావాలి, అంతేగా? మీ కళ్లముందే చెరిపేస్తాను. అప్పుడు సాక్ష్యమూ ఉండదు, మీ కేసూ ఉండదు."

గబగబా వెనక గది గుమ్మం పక్కనున్న తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. తెర మీద ఆమె దీవి వెలిగింది. 'పూర్తిగా తొలగించాలా?' అని ప్రశ్న వచ్చింది. ఆమె మౌసు మీద చెయ్యి వేసింది. రిపేరాయన ముఖం తిప్పుకున్నాడు.

"వద్దమ్మా, వద్దు!"

బూట్లాయన లేచిన ఊపుకు స్టూలు వెనక్కి పడింది. ముఖమంతా చెమటలు. వీధిలోకి ఒకసారి తొంగి చూసి, షాపు తలుపు దగ్గరగా వేసి, చేతులు జోడించాడు.

"వచ్చే నెల ఆ ఆటను మళ్లీ అమ్మకానికి పెడుతున్నామమ్మా, మేం వేసిన తాళం విప్పడం మాకే రావడం లేదు, ప్రపంచం మొత్తమ్మీద నడుస్తున్న కాపీ మీదొక్కటే!"