పుట్టింటి పళ్లెం

"చిన్నకోడలి పప్పుచారే పప్పుచారు!" అని అత్తగారు లొట్టలేసింది. పెద్దకోడలు నాగరత్నం కడుపులో నిప్పు రాజుకుంది. హిమజ కాపురానికి రాకముందు పన్నెండేళ్లు తనే కాచింది, ఏనాడైనా ఒక్క మంచి మాటన్నారా? వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి గట్టుకేసి కొట్టింది. దూదిపింజ పడ్డట్టు పడింది.

ఇప్పుడు ఊరంతా మెగ్నీషియం గిన్నెలే, మెగ్నీషియం తలుపులే. ఆ లోహంలో కంటికి కనబడని పొరలు ఎంతటి అదురునైనా చప్పుడు కాకుండా మింగేస్తాయట. వెనకటికి పుట్టింట్లో వాళ్లమ్మ గరిటె ఒక్కసారి మోగిస్తే నాన్న పేపరు పడేసి పరుగెత్తుకొచ్చేవాడు. నాగరత్నం తలుపు విసిరికొట్టినా అవతల మొగుడు "ఇంకో గరిటె వెయ్యమ్మా హిమజా" అంటూనే ఉన్నాడు.

ఇక లాభం లేదని అటక మీంచి పుట్టింటి స్టీలు పళ్లెం దించి నేలకేసి కొట్టింది. ఇల్లంతా ఖంగుమంది. మొగుడు ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? ఎందుకంత కోపం?"

ఆ గిన్నెలొచ్చిన నాలుగేళ్లలో అతనా మాట అడగడం ఇదే మొదలు.

"ఏం లేదు, చెయ్యి జారింది" అని మొహం తిప్పుకుంది.

అతను వెళ్లాక హిమజ వచ్చింది. వెక్కిరించడానికే అనుకుంది నాగరత్నం. కానీ ఆ పిల్ల కళ్లు పళ్లెం మీదే ఉన్నాయి.

"ఒక్కసారి నాకివ్వక్కా. మెచ్చుకుని మెచ్చుకుని మూడుపూటలా నాచేతే వండిస్తున్నారు. ఎన్ని గిన్నెలు విసిరినా ఒక్కరికీ వినబడట్లేదు."

నాగరత్నం పళ్లెం గుండెకు హత్తుకుంది.

"ఆగు. ముందు నా కోపం పూర్తవనీ."