గుప్పెడు ఉప్పు

“బయటి తినుబండారాలు లోపలికి తేకూడదు మామ్మగారూ,” అంది వాటర్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ తెరేసమ్మ, రావమ్మ సంచిలోంచి కాగితం పొట్లం బయటికి తీస్తూ.

“దాన్నెవరు తింటారమ్మా? విప్పి చూడు.”

తెరేసమ్మ విప్పింది. గుప్పెడు కల్లుప్పు, తొడిమలతో సహా ఎండుమిరపకాయలు. వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. చంకలో కీర్తననీ, స్ట్రోలర్‌లో సిద్ధార్థనీ పెట్టుకుని నిలబడ్డ కోడలు సుస్మిత తల దించుకుంది.

“పిల్లలకి దిష్టి తీయడానికి. కవలలు. రెండేళ్ళు నిండలేదు. ఇంతమంది కళ్ళల్లో పడితే తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోదూ?” అంది రావమ్మ.

“మా అత్త కూడా తీస్తుందండీ, నాకు తెలవదా? కానీ మిరపకాయలు లోపలికి పంపితే నా ఉద్యోగం పోద్ది. ఎవరన్నా ఎవరి కళ్ళల్లోనన్నా కొడతారని రూలు. ఇక్కడే ఉంచుతా. ఈ టోకెన్ చూపించి వెళ్ళేటప్పుడు తీసుకోండి.”

“అయితే నేను రాను. పిల్లల్నీ పంపను.”

కొడుకు పవన్‌కుమార్ తల పట్టుకున్నాడు. “అమ్మా, భవానీపురం నుంచి ఇంతదూరం వచ్చి గేటు చూసి పోదామా? బయటికి రాగానే తీద్దువుగాని.”

“కారెక్కే ముందే తీయాలి. మాటేనా?”

“మాటే.”

రావమ్మ టోకెన్ కొంగున ముడేసుకుంది. మాటలు రాని పిల్లలకి ఈ పార్కులేమిటో, విడ్డూరం కాకపోతే, అని సణుగుతూనే లోపలికి నడిచింది.

లోపల ఆవిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగింది. మరి కోడలు చేసిన పని అలాంటిది. ఇద్దరికీ ఒకే పసుపుపచ్చ బట్టలు, ఒకే రకం టోపీలు. చూసినవాళ్ళు చూసినట్టే ఆగిపోతున్నారు. “ట్విన్సా అండీ? అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నారో.” ఒకావిడైతే ఎత్తుకుని ఫొటో కూడా దిగింది. “ముద్దుగా” అన్న మాట చెవిన పడినప్పుడల్లా రావమ్మ పిల్లల మొహాలకి కొంగు అడ్డం పెట్టింది. ఆ వెంటనే కొంగున ఉన్న టోకెన్ తడుముకుంది.

అలల కొలను దగ్గర సైరన్ మోగింది. బ్యారేజీ గేట్లు ఎత్తినట్టు నీళ్ళు ఒక్కసారిగా లేచి గట్టు మీదికి వచ్చాయి. సిద్ధార్థ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కీర్తన వేలు చాపి “నీ... నీ...” అంది. వాళ్ళని చూసి నవ్వుకుంటూ సుస్మిత పక్కకి తిరిగింది. అత్తగారి నోరూ తెరుచుకునే ఉంది.

“సముద్రాన్ని తెచ్చి కట్టేశారే అమ్మాయ్,” అంది రావమ్మ మెల్లగా.

ఎండ తగ్గాక జెయింట్ వీల్ దగ్గరికి వచ్చారు. పసిపిల్లల్ని ఎక్కించరు.

“నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి అత్తయ్యా.”

“వీళ్ళనొదిలి నేనెక్కడికీ రాను.”

పవన్‌కుమార్ వినలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తొట్టిలో కూర్చోబెట్టాడు. చక్రం కదిలింది. రావమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని దుర్గమ్మను తలుచుకుంది. అంతెత్తుకి వెళ్ళాక చక్రం ఆగింది. చల్లటి గాలి మొహానికి తగిలింది. ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. కొండపల్లి కొండ. వాటికి అవతల, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెరుస్తూ ఏదో.

“అదేంట్రా?”

“కృష్ణ.”

“మన కృష్ణే?”

“కార్తీకంలో నువ్వు మునిగేదే.”

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రేవులో నడుం లోతున నిలబడి చూసిన నది అది. మొత్తంగా చూడటం ఇదే మొదలు. రావమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిందికి దిగాక కూడా వెంటనే రాలేదు. చక్రం ఇనుప కాలు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

దీపాలు పెట్టే వేళ గేటు దగ్గరికి వచ్చేసరికి కీర్తన గుక్కపెట్టి ఏడుపందుకుంది.

“చూశారా, తగిలింది,” అంది రావమ్మ గాభరాగా, టోకెన్ ముడి విప్పుతూ.

తెరేసమ్మ పొట్లం చేతికిచ్చింది. “ఒక్క ఉప్పుకల్లు కూడా పోలేదండీ, చూసుకోండి.”

ఈసారి సుస్మిత సిగ్గుపడలేదు. కారు పక్కన తనే పిల్లలిద్దర్నీ తూర్పుముఖంగా నిలబెట్టి పట్టుకుంది. రావమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే చక్రానికి దీపాలు వెలిగాయి. ఎరుపు, పసుపు, నీలం. గేటు దగ్గర జనమంతా తలలెత్తారు. “అబ్బ, ఎంత ముద్దుగా ఉందో,” అన్నారెవరో. పిల్లల వంక చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. కీర్తన కూడా ఏడుపు మాని అటే చూస్తోంది.

రావమ్మ గుప్పిట బిగించింది. పిల్లల్ని ఒకసారి చూసింది. గిరుక్కున చక్రం వైపు తిరిగింది. చెయ్యి ఆకాశంలోకి చాపి, చక్రమంత సున్నా చుట్టడం మొదలుపెట్టింది.

“వచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి, నా దిష్టి...”

“అత్తయ్యా, పిల్లలు ఇటున్నారు,” అంది సుస్మిత.

“వీళ్ళకి ఇంటికెళ్ళి తీస్తాలే. వీళ్ళకి నేనున్నాను,” అంది రావమ్మ చెయ్యి ఆపకుండా. “పాపం, దానికెవరున్నారు?”