మూడో ఆడచేప

“ఇదీ గొడ్డుదే! పట్టుకుపో.”

లెక్కల మాస్టారు వల చేతికి అందించేసరికి చేపల షాపతను ఇంకా రెండో చెప్పు విడవలేదు. హాల్లో అక్వేరియం ముందుకొచ్చి తొంగిచూశాడు. జానెడు పొడవున్న మగ ఫ్లవర్‌హార్న్ చేప, తలమీద నిమ్మకాయంత బుడిపెతో రాజాలా తిరుగుతోంది. ఆడచేప గాలిగొట్టం వెనక నక్కింది. దాని రెక్కలు చిరిగి పీలికలయ్యాయి. పలకరాయి మీద పెట్టిన గుడ్లన్నీ తెల్లబడి బూజు పట్టాయి.

“రెండింటి మధ్యా అడ్డంగా అద్దం పలక పెట్టమన్నానుగా మాస్టారూ! చంపేసేలా ఉంది.”

“అద్దం తీయకపోతే పిల్లలెలా పుడతాయయ్యా? తీశాను. గుడ్లు పాడయ్యాయి. వాడికి ఒళ్లు మండింది. మండదూ మరి? మూడో పెళ్లామాయె!” తన మాటకి తనే నవ్వుకున్నారు మాస్టారు. “ఈసారి లక్షణమైనదాన్ని తే. వంశం నిలబెట్టేదాన్ని.”

కాఫీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది.

“ముందు దాన్ని బయటికి తియ్యండి. చచ్చిపోతుంది పాపం.”

“జాలి పుట్టుకొచ్చిందే! నీకూ దానికీ ఒకటే రాత మరి. భగవంతుడు రాయనిదానికి ఎవరేం చేస్తారు?”

షాపతను తల దించుకున్నాడు. ఆవిడ గ్లాసులు బల్లమీద పెట్టి, అతని చేతిలోని వల తీసుకుని నీళ్లలోకి దించింది. మగచేప దూసుకొచ్చి వేలు కొరికింది. రక్తం చిమ్మినా చెయ్యి వెనక్కి తీయలేదు. ఆడచేపని షాపతను తెచ్చిన బకెట్లోకి వదిలాకే కొంగు వేలికి చుట్టుకుంది.

“నాలుగోది నేను తేను మాస్టారూ,” అన్నాడు షాపతను.

“ఏం?”

“మీరు వెనక్కిచ్చిన రెండూ నా దగ్గరే ఉన్నాయి. వేరే మగచేపలతో వేశాను. ఒకదానికి మూడొందల పిల్లలు. రెండోదాని పిల్లల్ని లెక్కపెట్టే ఓపిక నాకు లేదు.”

మాస్టారి చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లలేదు.

“ఇవి జాతులు కలిపి పుట్టించిన చేపలు. మగవాటిలో చాలావాటికి సంతానయోగం ఉండదు. బుడిపె చూసి మురిసిపోవడమే! లోపం వీడిది, దెబ్బలు వాటికి.” అతను కాఫీ ముట్టకుండానే బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

మాస్టారికి తల ఎత్తాలనిపించలేదు. ఎదురుగా దేవుడి గూట్లో పొద్దున తను వెలిగించిన దీపం ఇంకా వెలుగుతోంది. దానివైపు చూడ్డానికీ మొహం చెల్లలేదు. ఇరవయ్యారేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బంధువుల మధ్య ఎన్నిసార్లు అన్నారో ఆ ‘రాత’ మాట! అన్న ప్రతిసారీ భారం దేవుడిమీద వేసి చేతులు దులుపుకున్నారు. దేవుడు నిజంగా అలా రాస్తాడా అని ఒక్కసారీ తనని తాను ప్రశ్నించుకోలేదు.

లేచి, పాత పంచె చింపి తెచ్చి, భార్య వేలికి కట్టు కట్టడం మొదలుపెట్టారు.

“ఇదిగో... అప్పట్లో ఆసుపత్రి రిపోర్టుల్లో లోపం నీదేనని వచ్చింది, నిజమే. అయినా నేనలా అనకూడదు. నలుగురిలో అసలే అనకూడదు. తప్పయింది.”

“పోనిద్దురూ,” అంది ఆవిడ, ముడి తనే బిగించుకుంటూ. “ఆ రోజు రిపోర్టులు తెచ్చింది నేనే కదా. మీరు తట్టుకోలేరని మన పేర్లు అటూ ఇటూ మార్చి చెప్పాను.”