బానిస కొలువు

"నౌకరీ అంటే బంగారు గొలుసే పార్వతమ్మ గారూ. కానీ కుక్క మెడకు కట్టేది," అన్నాడు గవర్రాజు సారు, మంచం మీద కూర్చుని టీ ఊదుకుంటూ.

చింతపండులోంచి గింజలు తీస్తున్న పార్వతి తలెత్తలేదు. కూతురు సీత చదివే యూనివర్సిటీలో ఈయన పిల్లలకు వ్యాపారం నేర్పే సారట. జన్మలో పిడికెడు ఉప్పు అమ్మిన మొహం కాదు. సీతకు కిరందుల్ గని ఆఫీసులో కొలువొచ్చిందని తెలిసి, దాన్ని వదిలెయ్యమని చెప్పడానికి జగదల్‌పూర్ నుంచి తమ ఊరు తర్లగూడ దాకా సొంత కారేసుకుని వచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"మరి మీరు చేసేది ఏంది సారూ? నౌకరీ కాదా?"

"అమ్మా," అని గొణిగింది సీత.

సారు నొచ్చుకోలేదు. "గొలుసు బరువు తెలిసినవాణ్ణి గనకే చెబుతున్నా. మీ అమ్మాయి చేసిన చింతపండు బిళ్లలు తిన్నాను. ఇంత తెలివైన పిల్ల పోయి ఫైళ్ల మీద దుమ్ము దులపాలా?"

సీత మొహం వెలిగింది. పార్వతికి ఒళ్లు మండింది.

"చింతచెట్టు ఒక ఏడు కాస్తది, ఒక ఏడు కాయదు. జీతం అట్ల కాదు సారూ. ఇది వద్దంటే ఆ కొలువు ఎవరికి పోతది?"

"ఎవడో ఒక బానిస దొరుకుతాడులెండి," అన్నాడాయన తేలిగ్గా.

ఆ మాట సీతకు తలకెక్కింది. ఆ సాయంత్రమే కొలువు వద్దని రాసి పంపేసింది. పార్వతి సారును తిట్టని రోజు లేదు.

అయితే సారు చెప్పి ఊరుకునే రకం కాదు. జగదల్‌పూర్‌లో తెలిసిన దుకాణాలన్నిటికీ సీతను తానే తిప్పాడు. బిళ్లలు చుట్టే మిషన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని తెప్పించాడు. "సొంత మేనమామైనా ఇంత చేస్తాడా అమ్మా?" అని సీత అడిగితే పార్వతి నిజమేనని ఒప్పుకుంది. అంతటి మనిషి మీద అనవసరంగా నోరు పారేసుకున్నానని సిగ్గుపడింది.

భోపాల్‌పట్నంలో దుకాణం తెరిచేనాడు రిబ్బన్ సారే కత్తిరించాలని పట్టుబట్టింది కూడా పార్వతే. తనే ఫోన్ చేసింది.

"ఏమనుకోకండి పార్వతమ్మ గారూ, రాలేను. పనుండి కిరందుల్ వచ్చాను."

"మీ పని చూసుకోండి సారూ. మీ పేరు చెప్పుకునే తెరుస్తం," అంది పార్వతి, ఫోనుకే దండం పెడుతూ.

సీత వదిలేసిన కొలువులో ఆ పూట సారుగారి కొడుకు చేరాడు.