తెల్లమూత డబ్బా

“రెండు చేతులూ చాపు లోవమ్మా.”

లోవమ్మ చాపింది.

కుడిచెయ్యి బాగుపడింది. ఎడంచేతి వేళ్లు మాత్రం ఎర్రగా వాచి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి.

సుజితకి చిరాకేసింది.

విశాఖపట్నంలో ఫార్మసీ పై చదువు చదువుతున్న సుజిత, నెల్లాళ్లుగా ప్రతి మంగళవారం బస్సెక్కి నర్సీపట్నంలోని ఈ జీడిపప్పు షెడ్డుకి వస్తోంది.

పిక్క కొట్టేటప్పుడు చిమ్మే జీడి రసం తగిలి, ఇక్కడి ఆడవాళ్ల చేతులు కమిలిపోతాయి. బూడిద పూసుకుని పనిలో కూర్చుంటారు. సాయంత్రానికి అన్నం కలుపుకోలేరు.

ఆ వాపుని తగ్గించే మందు సుజిత తయారుచేసింది. రెండేళ్ల కష్టం. ఎలకల పాదాల మీద వాపు ఇట్టే దిగిపోయింది. మనుషులకీ తగ్గుతుందని ఆమెకి గట్టి నమ్మకం.

షెడ్డులో ఇరవైమందికీ రెండేసి డబ్బాలిచ్చింది.

“ఎర్రమూత డబ్బా కుడిచేతికి. తెల్లమూత డబ్బా ఎడంచేతికి. పొరపాటున కూడా మార్చకండి.”

మందు ఉన్నది ఎర్రమూత దాంట్లోనే. తెల్లమూత దాంట్లో ఉత్త వేజలైను. కుడిచెయ్యి తగ్గి ఎడంచెయ్యి తగ్గకపోతే, గుణం మందుదేనని రుజువవుతుంది. ఆ సంగతి వాళ్లకి చెప్పకూడదు. చెప్పలేదు.

ఎరుపు, వేడి, వాపు, నొప్పి. నాలుగింటికీ వారం వారం తన పుస్తకంలో మార్కులేసుకుంది.

నెల తిరిగేసరికి పందొమ్మిదిమందికి రెండు చేతులూ ఒకేలా తగ్గాయి!

ఒక్క లోవమ్మకే తగ్గలేదు.

“తెల్లమూత డబ్బా రాస్తున్నావా?” అడిగింది సుజిత.

“రాస్తన్నానమ్మా. రెండు పూటలా.”

“అదే రాసుకుని వీళ్లందరికీ ఎడంచెయ్యి తగ్గింది. నీకెందుకు తగ్గలేదు?”

లోవమ్మ పక్కపీట మీది ఎస్తర్ రాణి వైపు చూసింది.

ఎస్తర్ రాణే అందుకుంది. “దానికేటి సెప్పినా తలకెక్కదమ్మా. కొండ దిగి ఆర్నెల్లు కాలేదు. ఏది కుడో ఏది ఎడమో తెల్దేమో!”

షెడ్డంతా గొల్లుమంది.

లోవమ్మ ఎడంచెయ్యి కొంగులో చుట్టుకుని పీట మీదికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి సుజిత తన ప్రొఫెసర్ దయాకర్ బాబుగారికి ఫోన్ చేసింది.

“పందొమ్మిదిమందికి వేజలైనుతోనే తగ్గిందంటే, మధ్యలో నీ మందు దేనికమ్మా?” అన్నారాయన.

“ఒకామెకి మాత్రం కుడిచెయ్యే తగ్గింది సార్.”

“మంచిదేగా! ఆమె నువ్వు చెప్పినట్టు చేసిందంటావా?”



“లేదు సార్. రాయకుండా రాశానంటోంది. మనకి కలిసొచ్చిందని అబద్ధాన్ని ఎలా రాసుకుంటాం?”

“శభాష్. అయితే ఈ మందు వదిలెయ్. ఇంకోటి చూద్దాం.”

బూత్‌లోనే నిలబడి పుస్తకం తెరిచి, లోవమ్మ పేరు మీద గీత కొట్టేసింది. ఏడుపొచ్చింది. కానీ తప్పు చెయ్యలేదన్న ధైర్యంతో బస్సెక్కింది.

రెండు వారాలాగి, ఆఖరిసారి షెడ్డుకి వచ్చింది.

“ఇంక డబ్బాలు ఉండవమ్మా. ఈ పని ఆపేశాం.”

ఎస్తర్ రాణి చేతిలో సుత్తి పక్కన పడేసి లేచింది. “అలాగనకండమ్మా! తెల్లమూతది మానీసినా పర్లేదు. ఎర్రమూతది మాత్రం ఇప్పించండి. దాని పున్నెమానే ఇంత అన్నం కలుపుకుంతన్నాం.”

“ఎర్రమూతదే ఎందుకు?”

“తెల్లది ఉత్తదే గదమ్మా! వారానికే తెలిసిపోనాది. దాన్ని అవతల పారీసి, ఎర్రదే రెండు సేతులకీ రాసీసినాం.”

సుజిత చుట్టూ అందరి చేతులూ చూసింది.

“అందరూనా?”

“మరేటి! ఒక సెయ్యి సల్లగుండి, ఒక సెయ్యి మండతంటే ఎవులూరుకుంతారు?”

“మరి నేను అడిగితే, రాస్తున్నామన్నారు!”

“ఎండలో బస్సెక్కి వస్తారు. కాదంటే నొచ్చుకుంతారని.” ఎస్తర్ రాణి తల దించుకుంది.

ఆ పందొమ్మిదిమందికీ తగ్గింది తన మందుతోనే!

సుజిత సంతోషం పట్టలేక గబగబా పుస్తకం తీసింది. పేజీ తిప్పగానే, తను కొట్టేసిన గీత కనిపించింది.

“లోవమ్మ ఏది?”

అందరూ పీటల మీద వంగి పిక్కలు కొట్టసాగారు.

“లోవమ్మ ఏది రాణక్కా?”

“అదెక్కడుందమ్మా! ఎడంసేతి రసి పప్పుకంటుకుంతందని, కిందటి సోమారం మా ఓనరు రమణబాబుగారు పన్లోంచి తీసీసేరు. కొండకెల్లిపోనాది. ఏ ఊరో మాకెవులికీ తెల్దు.”

“ఎర్రమూతది ఆ చేతికీ రాసుకోమని మీరైనా చెప్పాల్సింది కదా!”

“సెప్పకేటమ్మా! రోజూ సెప్పినాం. పిచ్చిమొకమా అని తిట్టినాం. ఇనలేదు.”

“ఎందుకని?”

ఎస్తర్ రాణి గొంతు తగ్గించింది.

“‘రెండు సేతులకీ అదే రాసీస్తే, ఏది మందో ఆ అమ్మకెలాగ తెలుస్తాదే?’ అనీది.”