పక్కింటి బేస్ గిటార్

సాయంత్రం ఏడింటికి లలిత్ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడో లేదో, గోడవతల ముసలాయన తన గిటారు మొదలెట్టేశాడు.

"విన్నావా?" అన్నాడు లలిత్ భార్యతో. "మళ్ళీ అదే పాట. మళ్ళీ అదే ఖూనీ."

నవ్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు.

కలకత్తా వైపు రైల్వే టౌనులో, సుభాష్‌పల్లి పేటలో, ఆ రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. అవతలి వాటాలో అప్పలకొండ ఉంటాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆర్థర్ అనే డ్రైవరు స్నేహితుడు కలకత్తా వెళ్ళిపోతూ తన పాత బేస్ గిటారునీ, చిన్న స్పీకరు పెట్టెనీ ఆయన చేతిలో పెట్టి పోయాడు. అరవై మూడేళ్ళ వయసులో ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

లలిత్‌కి అక్కడే ఒళ్ళు మండింది. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగలు. పాట వినేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. కానీ తీగ శ్రుతి ఒక పిసరు దిగిందా, డ్రమ్ము దెబ్బకి వేలు కాస్త వెనకపడిందా, పాట మొత్తం కుంటుతుంది. అలాంటి పని బోల్టులు బిగించిన చేతులకా!

"ఇటు చూడు." లలిత్ బల్ల మీద వేలితో తాళం వేశాడు. "ఇక్కడ పడాలి దెబ్బ. ఆయనది ఎక్కడ పడుతోంది? బండి ప్లాట్‌ఫారం దాటిపోయాక పెట్టె పట్టుకుని పరిగెత్తినట్టు లేదూ? తీగలైతే సరేసరి. నాలుగూ నీరసంతో మంచమెక్కినాయి."

"నాకు మీ ఇద్దరిదీ ఒకలాగే వినిపిస్తాదండీ" అంది నవ్య.

లలిత్ జాలిగా చూశాడు. "నీ సెవికి కుక్కర్ కూతొక్కటే అర్థమవుతాది. పోనీలే."

ఆ నెల అంతా అతనికి ఇదే యజ్ఞం. ఊళ్ళో జెఫ్రీ బ్యాండుకి పేరుంది. అందులో బేస్ వాయించేవాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ చోటు కోసం లలిత్‌తో కలిపి ముగ్గురు వచ్చారు. జెఫ్రీ ముగ్గురికీ ఒకే పాట రికార్డు ఇచ్చి, నెల తరవాత ఆదివారం పదింటికి వచ్చి వాయించమన్నాడు. లలిత్‌కి పదహారో ఏట నుంచీ ఉన్న కోరిక అది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, స్నానం చేసి, సరిగ్గా ఆరింటికి కూర్చునేవాడు. తన బేస్‌ని స్పీకరుకి తగిలించి, హెడ్‌ఫోన్‌లో రికార్డు ఫుల్ సౌండు పెట్టి, దానితోపాటు గంటసేపు వాయించేవాడు. ఆ రికార్డులో బేస్ ఎంత బాగా మోగేదంటే, అది తన వేళ్ళలోంచే వస్తున్నట్టుండేది.

ఏడింటికి ఆ స్వర్గంలోంచి బయటికొస్తే, గోడవతల ఈ నరకం.

పైగా ముసలాయన తప్పులు కూడా మారేవి కావు. రెండో చరణం ఎత్తుకునేచోట రోజూ తడబడేవాడు. రోజూ అదే చోట. "తప్పు చెయ్యడానికి కూడా ఇంత సాధనా?" అని లలిత్ పగలబడి నవ్వేవాడు.

గురువారం ఫోను గోడకి ఆనించి రెండు నిమిషాలు రికార్డు చేశాడు. 'మా పక్కింటి ఉస్తాద్' అని రాసి జెఫ్రీకి పంపించాడు.

పది నిమిషాల్లో జెఫ్రీ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అరె దాదా, ఎవరీ మనిషి? శ్రుతి కిందకి, తాళం వెనక్కి! ఇతన్ని నా స్టేజీ మెట్టు కూడా ఎక్కనివ్వను."

లలిత్ దాన్ని నాలుగుసార్లు విన్నాడు. నవ్యకి వినిపించాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూడా వినిపించాడు.

శనివారం సాయంత్రం ఇంక ఊరుకోలేకపోయాడు. మర్నాడే పరీక్ష. ఆ కుంటి మోత చెవిలో పడితే తన తాళం చెడుతుందని భయం. బీరువాలోంచి చిన్న అట్టపెట్టె తీశాడు. గిటారు తలకి తగిలిస్తే తీగ శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపించే మీటరు అది. రికార్డుతోపాటు జెఫ్రీ ముగ్గురికీ ఒక్కొక్కటి ఇచ్చాడు. లలిత్ దాని సీలు కూడా విప్పలేదు. చెవి లేనివాడికి కదా మీటరు.

అప్పలకొండ తలుపు తీసి పొంగిపోయాడు.

"రా బాబూ, రా. కూకో. మా ఇంటికి నువ్వొచ్చినావంటే... టీ ఎట్టమంటావేటి?"

"టీ వద్దు బాబాయ్. నీ గిటారు ఓపాలి ఇలాగియ్యి."

మీటరు తగిలించి, ఒక్కో తీగా మీటాడు. ఎర్ర లైటు. రెండోది, ఎర్ర లైటు. నాలుగూ ఎర్ర లైట్లే, నాలుగూ కిందకే.

"చూసినావా?" లలిత్ నవ్వు ఆపుకోలేదు. "ఒక్కటీ శ్రుతిలో లేదు. నెల్రోజులుగా ఈ పాట పీక నొక్కేస్తున్నావు బాబాయ్. రెండో చరణం దగ్గర రోజూ పడిపోతన్నావు. తాళమా, అది నీకు వీధి సివర కనబడతాది అంతే. నీకెవుడూ సెప్పలేదా?"

ముసలాయన ముఖం చిన్నబోయింది. మీటరు వైపూ, లలిత్ వైపూ మార్చి మార్చి చూశాడు.

"నేను శ్రద్ధగానే సేసినాను బాబూ. ఒక్క రోజు కూడా నాగా ఎట్టలేదు."

"శ్రద్ధ సరే. ఇంత దరిద్రంగా వాయించినోడి రికార్డు నీకెక్కడ దొరికిందో అది సెప్పు. తీసుకెళ్ళి రైలు పట్టాల మీద పడేస్తాను."

అప్పలకొండ బెదురుగా గోడ వైపు చూశాడు.

"నాకు రికార్డులెక్కడివి బాబూ, రోజూ ఆరింటికి నువ్వు వాయిస్తుంటే గోడకి సెవి ఆనించి, నీ తీగల్తో కలిసేదాకా నా తీగలు దించుకోని, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోకుండా నీ దగ్గరే నేర్సుకున్నాను."